నేల తడిగానే ఉన్నా టమాట మొక్కలు ఎందుకు వాడిపోతున్నాయి?

వాన వెలిసి నాలుగు రోజులైనా మీ నల్లరేగడి చేనులో తడి ఆరలేదని, అయినా టమాట మొక్కలు మధ్యాహ్నానికల్లా వాడిపోయి, పూత రాలి, కాయల అడుగుభాగం నల్లబడుతోందని రాస్తూ, ఇంకా నీరు పెట్టాలా, యూరియా వేయాలా అని అడిగారు. రెండూ వద్దు. వేళ్లకు గాలి అందడం లేదు.

నల్గొండ జిల్లాలోని మా భూమిలో ఎగువభాగం ఎర్ర చెల్క, దిగువభాగం రేగడి. ఒకే నర్సరీ నారును రెండింటిలోనూ నాటిన ఏడాది, ముసురు తగ్గాక చెల్కలోని మొక్కలు త్వరగా తేరుకున్నాయి, రేగడిలోనివి జాలు పట్టాయి. ఒకదాన్ని పెకిలించి చూస్తే వేళ్లు గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి. పిల్లవేరును పట్టి లాగితే పైపొర జారిపోయి లోపలి సన్నని ఈనె మాత్రమే మిగిలింది, మట్టి మురుగు వాసన వేసింది. మీరూ ముందుగా ఈ పరీక్ష చేయండి.

ఆక్సిజన్ గాలిలో కంటే నీటిలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది కనుక, మట్టిలోని సందులు నీటితో నిండినప్పుడు అక్కడ మిగిలిన కొద్దిపాటి ఆక్సిజన్‌ను వేళ్లూ సూక్ష్మజీవులూ కలిసి త్వరలోనే వాడేస్తాయి. శక్తి తగ్గిన వేళ్లు చుట్టూ నీరున్నా పీల్చుకోలేవు. అదే సమయంలో వేళ్లలో ఏసీసీ అనే పదార్థం పేరుకుని, కాండం గుండా ఆకులకు చేరి, అక్కడ ఇథిలీన్ అనే వాయువుగా మారుతుంది. ఆకు కాడలు కిందికి వంగడానికి, అడుగు ఆకులు పండిపోవడానికి, పూత రాలడానికి అది కారణమవుతుంది. నీటితో పాటే పైకి వెళ్లవలసిన కాల్షియం తగ్గి కాయ అడుగు నల్లబడుతుంది. అది తెగులు కాదు, దానికి శిలీంద్రనాశిని కొట్టి డబ్బు పోగొట్టుకోకండి. ఎండ కాస్తే నష్టం మరింత పెరుగుతుంది, ఎందుకంటే వెచ్చని నీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది, వేళ్ల అవసరమేమో ఎక్కువవుతుంది.

ఈరోజే సాళ్ల చివర కాలువ తీసి నీటిని బయటికి పంపండి. పదును రాగానే వేళ్లు తెగకుండా పైపైన తవ్వి మట్టిని గుల్ల చేయండి. గాలి ఆడని మట్టిలో నైట్రేటు రూపంలోని నత్రజని వాయువుగా మారి పోతుంది కనుక, నేలలో ఎరువు వేయడానికి బదులు లీటరు నీటికి 5 గ్రాముల 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండి నీటిలో కరిగే ఎరువు) కలిపి ఆకులపై పిచికారీ చేయడం మేలు. కాండం మొదట్లో తెల్లని మొటిమల్లా కొత్త వేళ్లు పొడుచుకు వస్తుంటే ఆ మొక్క నిలదొక్కుకునే అవకాశం ఉంది. నేల ఆరాక వాటిపైకి మట్టి ఎగదోయండి. వచ్చే పంటకు అదే రేగడిలో జానెడు ఎత్తు బోదెలు చేసి నాటండి, డ్రిప్పును మాత్రం చెల్క లెక్కన రోజూ వదలకండి.