స్టాల్ అంటే భయపడే స్టూడెంట్‌కి ఎలా నేర్పిస్తారు?

మీ తమ్ముడు పైలట్ ట్రైనింగ్‌లో స్టాల్ పాఠం దగ్గరే ఆగిపోయాడని, సెలవుకి తిరుపతి వచ్చి మళ్లీ వెళ్లనంటున్నాడని రాశారు. మాదీ తిరుపతే, కొర్లగుంట. ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్‌ని కాబట్టి నేను నేర్పే పద్ధతి చెప్తాను.

స్టాల్‌లో ఇంజన్‌కి ఏమీ కాదు. ఎదురొచ్చే గాలికి రెక్క ముందు అంచు మరీ పైకి లేచి, చిన్న విమానాల్లో సుమారు 15, 16 డిగ్రీలు దాటితే, పైన పారే గాలి రెక్కను వదిలేస్తుంది, లిఫ్ట్, అంటే విమానాన్ని పైకి మోసే బలం, పడిపోతుంది. దాన్నే స్టాల్ అంటాం. మా వీధి పిల్లలు అడిగితే చంద్రగిరి రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు కారు కిటికీలోంచి అరచెయ్యి పెట్టి చూడమంటాను: ముందు అంచు కొంచెం ఎత్తితే చెయ్యి తేలుతుంది, మరీ ఎత్తితే తేలడం మానేసి వెనక్కి కొట్టుకుంటుంది. స్పీడ్ ఒక్కటే చూస్తే చాలదు. సెస్నా 172ఎస్ అనే చిన్న విమానం ఫ్లాప్స్ (రెక్క వెనక అంచున కిందికి దించే పలకలు) దించకుండా తిన్నగా వెళ్తుంటే 48 నాట్ల (విమానాల స్పీడ్ కొలత) దగ్గర స్టాల్ అవుతుంది, అదే 60 డిగ్రీలు వాల్చి ఎత్తు తగ్గకుండా తిప్పితే దాదాపు 68 దగ్గరే అయిపోతుంది.

నేను మొదట్లోనే పూర్తి స్టాల్ చేయించను. బాగా ఎత్తుకి వెళ్లి, చుట్టుపక్కల వేరే విమానాలు లేవని చూసుకుని, నెమ్మదిగా నడపడం అలవాటు చేయిస్తాను. గాలి చప్పుడు తగ్గడం, కంట్రోల్స్ వదులైపోవడం, స్టాల్ దగ్గర పడుతోందని హెచ్చరించే హార్న్ మోగడం, అన్నీ టెన్షన్ లేకుండా గమనించాలి. హార్న్ స్టాల్‌కి 5 నుంచి 10 నాట్ల ముందే మోగుతుంది, టైమ్ ఉంటుంది. మోగగానే యోక్ (ముక్కుని పైకి కిందికి తిప్పే స్టీరింగ్ లాంటిది) ముందుకి, తర్వాత ఇంజన్ పవర్.

చెప్పడానికి తేలికే, కానీ ముక్కు వాలి నేల కనిపించగానే ఎవరి చెయ్యైనా వెనక్కే లాగుతుంది. 2009 జూన్ 1న ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానంలో స్టాల్ వార్నింగ్ పదే పదే మోగుతున్నా ముక్కు పైకే లాగారు, 228 మంది పోయారు, నడిపింది ఎయిర్‌లైన్ పైలట్లే. అందుకే చేతికి అలవాటయ్యేదాకా చేయిస్తూనే ఉంటాను. ఒక రెక్క పడిపోతే ఎయిలరాన్‌తో (రెక్క చివర విమానాన్ని పక్కకి వాల్చే పలకతో) లేపబోయేవాళ్లే ఎక్కువ, దాంతో ఆ రెక్క ఇంకా లోతుగా స్టాల్ అయి స్పిన్‌లోకి, అంటే గిరగిరా తిరుగుతూ కిందికి, పోవచ్చు. ముందు యోక్ వెనక్కి లాగడం ఆపి ముందుకి వదలాలి, తిరగకుండా రడ్డర్‌తో (తోక మీద నిలువుగా ఉండే పలకతో) ఆపాలి. రన్‌వేకి తిరిగే ఆఖరి మలుపులో ఇది జరిగితే కోలుకునేంత ఎత్తే ఉండదు.

తమ్ముడిని వెనక్కి పంపండి. కొన్నాళ్లు హార్న్ మోగేదాకానే వెళ్లి రికవరీ చేద్దామని ఇన్‌స్ట్రక్టర్‌ని అడగమనండి. వినకుండా అరిచే మనిషైతే వేరే ఇన్‌స్ట్రక్టర్ కావాలని అడగడంలో తప్పేమీ లేదు.