కుట్టు రానివాళ్లు దేనితో మొదలుపెట్టాలి? ముందు ఒక పాత షర్టు తీయండి

బొత్తాం ఊడితే వేసుకోవడం తప్ప కుట్టు రాదని, మిషన్ కూడా లేదని, బీరువాలో మాత్రం వాడని షర్టులు, జీన్సులు, దుప్పట్లు పేరుకుపోయాయని రాశారు. వాటితో సులువుగా ఏం చేయొచ్చు, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. ఏడేళ్ల కిందట నా పరిస్థితీ అచ్చం ఇదే. అప్పటినుంచి చేసి చూసినవాటిలో మీకు పనికొచ్చేవి చెప్తాను.

మొదటి నాలుగైదు పనులూ బట్టకు ఇప్పటికే ఉన్న కుట్టునీ, అంచునీ వాడుకునేలా ఎంచుకోండి. కుట్టుపనిలో కష్టమైనవి కాజాలు, కాలరు, జిప్పు, చేతులు అతకడం. మీ షర్టులో అవన్నీ చెయ్యి తిరిగినవాళ్లు ఎప్పుడో కుట్టేసి ఉంచారు. వాటిని విప్పి మళ్లీ కుట్టే పని పెట్టుకోకుండా, ఉన్నవి ఉన్నట్టు ఉంచి, చుట్టూ నాలుగు తిన్నని కుట్లు వేస్తే ఒక వస్తువు తయారవుతుంది. పాత బట్టకు ఇంకో లాభం ఉంది. కొత్త కాటన్ బట్ట ఉతికితే కుంచించుకుపోతుంది, అందుకే కోసేముందు తడిపి ఆరేస్తారు. ఎన్నోసార్లు ఉతికిన షర్టు ఇంక కుంచించుకునేది దాదాపు ఏమీ ఉండదు.

నేను మొదట చేసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. వదులుగా ఉన్న షర్టును ఒంటికి పట్టేలా చేద్దామని కూర్చున్నాను. రెండు పక్కలా అంగుళం చొప్పున లోపలికి కుట్టి, మిగిలింది కత్తిరించేశాను. తొడుక్కుంటే బొత్తాలు పట్టలేదు, చేతులు పైకి లేవలేదు. రెండు అంగుళాలే తగ్గిందనుకున్నాను. కానీ ఒక్కో పక్కన ముందు గుడ్డలో అంగుళం, వెనక గుడ్డలో అంగుళం పోతాయి. రెండు పక్కలా కలిపితే నాలుగు అంగుళాలు! నాకెంతో ఇష్టమైన షర్టు అది, చాలా బాధేసింది. అందుకే బిగుతు చేసే పనులు ఇప్పుడే వద్దంటున్నాను. తప్పదనుకుంటే ముందు పెద్ద పెద్ద టాకాలు వేసి, తొడుక్కుని, చేతులెత్తి, కూర్చుని లేచి చూసుకోండి. బాగుంటేనే గట్టి కుట్టు. కత్తెర అన్నిటికంటే ఆఖర్న.

మీరు మొదట కుట్టాల్సింది దిండు గలీబు. అది కూడా బొత్తాల షర్టుతో. దిండు పెట్టడానికీ తీయడానికీ ఒక నోరు కావాలి కదా, షర్టు ముందు పట్టీయే ఆ నోరవుతుంది. జిప్పు అక్కర్లేదు, కాజా అక్కర్లేదు.

40 సెంటీమీటర్ల చదరపు దిండు అనుకుందాం. షర్టు బొత్తాలన్నీ పెట్టేసి, లోపలి వైపు బయటికి వచ్చేలా తిరగేసి, ఇస్త్రీ చేసి నేల మీద పరవండి. వెనక వీపు దగ్గర కుచ్చు మడత ఉంటే అది కూడా చదునుగా అణిగేలా ఇస్త్రీ చేయండి. బొత్తాల పట్టీ సరిగ్గా మధ్యకు వచ్చేలా సుద్దతో 40 సెంటీమీటర్ల చదరం గీయండి. గీత చంక కుట్టును తాకకూడదు. ఇక్కడ ఒక్కటి మాత్రం తప్పకుండా చూడండి: పై గీత మీద గానీ కింది గీత మీద గానీ బొత్తాం పడకూడదు. పడితే చదరాన్ని కాస్త పైకో కిందికో జరపండి. గీతకు రెండు మూడు సెంటీమీటర్లు లోపల బొత్తాం ఉంటే చివర్లు బాగా మూసుకుంటాయి. ఇప్పుడు గీతల వెంట గుండుసూదులు పెట్టి, షర్టు ఇంకా షర్టుగా ఉండగానే నాలుగు పక్కలా కుట్టేయండి. కుట్టు అయ్యాక, దానికి ఒకటిన్నర సెంటీమీటరు అవతల కత్తిరించండి. ముందు కోసి తర్వాత కుడితే రెండు పొరలూ అటూ ఇటూ జారుతాయి, కొత్తవాళ్లకు మూలలు కలవవు. ఈ వరసలో చేస్తే జారడానికి అవకాశమే ఉండదు. మూలల్లో మిగులు గుడ్డను కుట్టు తెగకుండా ఏటవాలుగా కోసేసి, బొత్తాలు విప్పి తిరగేస్తే గలీబు చేతిలో ఉంటుంది. మొదటిసారి ఆ మూలలు వేలితో బయటికి తోసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

చేత్తో అయితే మామూలు పరుగు కుట్టు (సూదిని పైకీ కిందికీ గుచ్చుతూ ముందుకే పోయేది) ఇక్కడ సరిపోదు, దిండు ఒత్తిడికి కుట్ల మధ్య సందులు తెరుచుకుంటాయి. వెనక కుట్టు వేయండి: సూది పైకి తీసి, ఒక కుట్టంత వెనక్కి గుచ్చి, కింద నుంచి రెండు కుట్లంత ముందుకు తీయాలి. కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు ఉంటే చాలు. దారం మోచేతి నుంచి వేళ్ల కొసల దాకా వచ్చేంతే తీసుకోండి, అంతకంటే పొడుగైతే మాటిమాటికీ ముడిపడుతుంది. మెలికలు పడుతున్నప్పుడు సూదిని గాల్లో వదిలేస్తే దానంతటదే తిరిగి విప్పుకుంటుంది. మొదటి గలీబుకు నాకు రెండు సాయంత్రాలు పట్టింది. అంచుల్లో పోగులు ఊడకుండా మిగులు గుడ్డ చుట్టూ వదులుగా చుట్టుకుట్టు (దారం అంచు మీదుగా చుట్టుకుంటూ పోయే కుట్టు) వేస్తే ఉతుకులకు ఆగుతుంది.

దీని తర్వాత జీన్స్ పొడవు తగ్గించండి. కిందున్న అసలు మడత కుట్టును కోయకుండానే చేయొచ్చు. ఉదాహరణకు 6 సెంటీమీటర్లు తగ్గాలనుకోండి. కాలి అంచును బయటికి మడిచి, మడత కుట్టు గీత దగ్గర నుంచి కొత్త మడత కొస వరకు సరిగ్గా 3 సెంటీమీటర్లు ఉండేలా సర్దండి. గుడ్డ రెండుగా మడతపడుతుంది కాబట్టి సగమే కొలవాలి, పొరపాటు జరిగేది ఇక్కడే. పాత మడతను ఆనుకుని, దాని మీదికి ఎక్కకుండా చుట్టూ కుట్టి, మడతను లోపలికి తోసి ఇస్త్రీ చేయండి. కొత్త కుట్టు పాత అంచు నీడలో కలిసిపోతుంది. కుట్టాక ఒకసారి తొడుక్కుని చూసి, లోపల మిగిలింది బరువనిపిస్తేనే కోయండి.

ఎవరిదైనా మిషన్ దొరికితే జీన్స్‌కి 100/16 నంబరు సూది వేయండి. 100 అంటే ఆ సూది మందం 1 మిల్లీమీటరు. మామూలు కాటన్‌కు 90/14, పల్చటి బట్టకు 70/10 సరిపోతాయి. పక్క కుట్లు కలిసే చోట గుడ్డ గుట్టలా లేస్తుంది, ప్రెషర్ ఫుట్ (సూది దగ్గర గుడ్డను అదిమి పట్టే పాదం) ముందు భాగం పైకి లేచి కుట్టు దాటదు. ఫుట్ వెనక భాగం కింద మడిచిన జీన్స్ ముక్క పెట్టి సమం చేస్తే చక్కగా దాటుతుంది. ఆ చోట మోటారు వాడొద్దు, చక్రాన్ని చేత్తో తిప్పండి.

మోకాలి దగ్గర చిరిగిన జీన్స్‌ను పారేయకండి. లోపల నుంచి వేరే జీన్స్ ముక్క, చిరుగు కంటే నాలుగు పక్కలా 3 సెంటీమీటర్లు పెద్దది, పెట్టి పై నుంచి వరసలు వరసలుగా పరుగు కుట్టు వేయండి. జపాన్‌లో నీలిరంగు బట్ట మీద తెల్ల దారంతో ఇలాగే వేస్తారు, సాషికో అంటారు. అరిగిన బట్టకు బలం కోసం పుట్టిన కుట్టే చివరికి అలంకారమైంది. దారం లాగి బిగించొద్దు, గుడ్డ ముడతలు పడుతుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే. మోకాలి మీద ఆ తెల్ల గీతలున్న జీన్స్ నేను కొత్తవాటికంటే ఎక్కువ వాడతాను.

టీషర్టులకు కుట్టే అక్కర్లేదు. అల్లిక బట్ట కోసినా పోగులు ఊడదు, అంచు చుట్టుకుంటుంది అంతే. చేతులు, మెడ కోసేసి, తిరగేసి, కింద అంచును రెండు సెంటీమీటర్ల పట్టీలుగా చీల్చి ముందుదీ వెనకదీ ముడేసుకుంటూ పోతే సంచీ అవుతుంది.

దుప్పట్లు కోసేముందు కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి. మధ్యలో పల్చబడి వెలుతురు కనిపిస్తుంది, పక్కలు మాత్రం గట్టిగా ఉంటాయి. గలీబులకు పక్కలు వాడండి, మధ్యది తుడుపు గుడ్డలకు. కోసేటప్పుడు పడుగు పోగుల (గుడ్డ పొడవునా పోయే దారాల) వెంట తిన్నగా పోవాలి. ఏటవాలుగా కోస్తే గుడ్డ సాగిపోతుంది, ఎంత జాగ్రత్తగా కుట్టినా గలీబు మెలిపడుతుంది.

సామాను ఎక్కువ కొనొద్దు. గుడ్డకు మాత్రమే వాడే కత్తెర (కాగితం కోస్తే మొద్దుబారుతుంది, ఇంట్లో అందరికీ చెప్పి దాచుకోండి), టేపు, సుద్ద, గుండుసూదులు, కుట్టు విప్పే సీమ్ రిప్పర్ చాలు. ఇస్త్రీపెట్టె ఎలాగూ ఉంటుంది. ప్రతి కుట్టు అయ్యాక దాని మీద ఇస్త్రీ చేయండి, బద్ధకించొద్దు. చేతికుట్టుకు చక్కటి తీరు వచ్చేది దానివల్లే.

కుట్టు వంకరపోయిందని టెన్షన్ పడకండి, రిప్పర్‌తో అక్కడివరకు విప్పి మళ్లీ వేయండి. మీ దిండు కొలత, షర్టు చంకల మధ్య వెడల్పు, చంక నుంచి కింది అంచు వరకు పొడవు కింద రాయండి. సరిపోతుందో లేదో, బొత్తాలు ఎక్కడికి వస్తాయో చూసి చెప్తాను.