నాన్నమ్మ వస్తోందని కొవ్వొత్తి ఆర్పిన పిల్లాడు

గుంటూరు నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది, కాస్త కుదించి ఇస్తున్నాను.

"మా పుట్టింటివాళ్ళం రోమన్ కతోలికులం, అంటే ఆర్‌సీఎం. మావారిది లూథరన్ కుటుంబం, ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ. పెళ్ళై పదకొండేళ్ళు. బాబుకి తొమ్మిది, కాలం చేసిన మా నాన్న పేరే పెట్టాం, అంతోని. పాపకి ఆరు, పేరు తెరేసా. ఇద్దరికీ మా గుడిలోనే జ్ఞానస్నానం ఇప్పించాం. కింది వాటాలో మేము, పైన అత్తగారు. ఇల్లు ఆవిడ పేరు మీదే ఉంది. పునీతుల (సెయింట్ల) పటాలన్నా, జపమాలన్నా ఆవిడకి పడదు, విగ్రహారాధన అంటారు. ఏడాది పొడవునా పునీతుల పండుగలు పిల్లలతో ఇంట్లోనే చేయించాలని నా ఆశ. డిసెంబరు 6న నికొలాసు వారికి బూట్లలో చాక్లెట్లు, 13న లూసియమ్మకి దీపాల కిరీటం, ఇలా ఇంటర్నెట్‌లో చూసి పెద్ద లిస్టు రాసుకున్నాను. వీటిలో ఏవి చేస్తే పిల్లలకి ఆసక్తి కలుగుతుంది? అత్తగారితో గొడవ రాకుండా ఎలా చేసుకోవాలి? మావారు మంచివారు, దేనికీ అడ్డు చెప్పరు. మొన్న జూన్ 13న అంతోని వారి పండుగ చేసుకుంటుంటే అత్తగారు మెట్లు దిగుతున్న చప్పుడైంది. మా వాడే కొవ్వొత్తి ఊది, పటం తీసి పరుపు కింద పెట్టేశాడు. పాట పాడుతున్న చెల్లెలి నోరు మూశాడు. వాడి తెలివికి నవ్వొచ్చింది."

అమ్మా, నాకు నవ్వు రాలేదు.

ముందు మీ లిస్టు సంగతి తేల్చేద్దాం, అది పెద్ద పనేం కాదు. సగం చించేయండి. క్యాలెండర్ తిరగేస్తే దాదాపు రోజుకో పునీతుడు ఉంటారు, అందరికీ పండుగ చేస్తూ కూర్చుంటే మీకు ఇల్లు గడవదు, పిల్లలకి హోంవర్క్ తెమలదు. బూట్లలో చాక్లెట్లు చలిదేశాల ముచ్చట. మన పిల్లలు గుమ్మం బయట విడిచే చెప్పుల్లో పెడితే తెల్లారేసరికి చీమలు తింటాయి. బాబుకి జూన్ 13, పాపకి అక్టోబరు 1, చిన్న తెరేసమ్మ పండుగ. చనిపోయినవాళ్ళని తలుచుకునే నవంబరు 2న మీ నాన్నగారి సమాధి దగ్గరికి తీసుకెళ్ళి, వాళ్ళ చేతే గడ్డి పీకించి, పూలు పెట్టించండి. అంతోని వారి పేరు మీద పేదలకి రొట్టె పంచడం ఎప్పటి నుంచో ఉన్న ఆచారం. కాబట్టి ఆ రోజు పులిహోరో పాయసమో చేసి, మీ వీధి ఊడ్చే మనిషికి బాబు చేత్తోనే ఇప్పించండి. ఈ మాత్రం చాలు.

ఇక మీరు నవ్వి వదిలేసిన విషయానికి వస్తాను. వాడు దాచింది తన పేరున్న పునీతుడి పటాన్ని, తన పండుగ రోజున, తన ఇంట్లో. ఇది వాడికి ఎవరు నేర్పారు? "నాన్నమ్మకి చెప్పకు" అన్న మాట మీ నోటి నుంచి ఎన్నిసార్లు వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకోండి. మీరు నేర్పాలనుకున్నది భక్తి. వాడికి వచ్చింది మాత్రం మెట్ల మీద అడుగుల చప్పుడు కనిపెట్టే విద్య. పైగా వాడి లెక్కలో నాన్నమ్మ ఇప్పుడు ఎవరు? సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని కథ చెప్పే మనిషి కాదు, దొరక్కుండా తప్పించుకోవాల్సిన మనిషి. అత్తాకోడళ్ళ మధ్య వంద ఉంటాయి, ఉండనివ్వండి. పిల్లల్ని మాత్రం మీ జట్టులో వేసుకోకండి.

అయితే మీ అత్తగారు అసలు సమస్య కాదు. మీరు అంత పెద్ద ఉత్తరంలో ఒక్క వాక్యంతో సరిపెట్టిన మీవారే సమస్య. "మంచివారు, దేనికీ అడ్డు చెప్పరు." నిజమే, మీకూ అడ్డు చెప్పరు, వాళ్ళమ్మకీ అడ్డు చెప్పరు. కొవ్వొత్తి ఆరిపోతున్నప్పుడు ఆయన ఎక్కడున్నారు? మీరు రాయలేదు. పక్కగదిలో ఫోన్ చూసుకుంటూ ఉన్నారనుకుంటే నా తప్పు కాదు.

శాఖ వేరైన పెళ్ళికి బిషప్ గారి అనుమతి తీసుకుంటారు. ఆ సమయంలో, పిల్లల్ని కతోలిక విశ్వాసంలో పెంచడానికి చేతనైనంతా చేస్తానని మీరు మాటిచ్చి ఉంటారు. మీరు అలా మాటిస్తున్నారని ఆయనకీ తెలియజేసి ఉంటారు, అది తప్పనిసరి. అంటే ఆయన అన్నీ తెలిసే పెళ్ళిపీట మీద కూర్చున్నారు. ఇప్పుడు ఆ మాట బరువంతా మీ ఒక్కరి నెత్తిన వేసి, తల్లి దగ్గర ఏమీ ఎరగనట్టు ఉంటే దాన్ని మంచితనం అనడానికి నాకు మనసొప్పదు. ఇల్లు ఆవిడ పేరు మీద ఉందని మీరే రాశారు. ఆ మౌనంలో దాని వాటా ఎంతో మీకే తెలియాలి.

కాబట్టి అత్తగారితో మాట్లాడాల్సింది మీరు కాదు, ఆయన. మీరు మాట్లాడితే అది కోడలి ఎదురుమాట అవుతుంది. ఆయన మాట్లాడితే కొడుకు చెప్పిన మాట అవుతుంది. ఆయన పైకి వెళ్ళి, కూర్చుని, చెప్పాలి: "అమ్మా, పిల్లలు ఆర్‌సీఎం పద్ధతిలో పెరుగుతున్నారు. పెళ్ళికి ముందే నేను ఒప్పుకున్నాను. నీకు నచ్చకపోవచ్చు, నిన్ను ప్రార్థనలో కూర్చోమని అడగం. కానీ పిల్లల ముందు విగ్రహారాధన అనకు." అంతే. గొంతు పెంచక్కర్లేదు, వాదించక్కర్లేదు. ఆవిడ రెండ్రోజులు కిందికి రారు, అన్నం సరిగ్గా తినరు. తట్టుకోండి.

ఆవిడ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ గారు గుంటూరు వచ్చిన దగ్గర నుంచి ఈ ఊళ్ళో లూథరన్ కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఆవిడ అభ్యంతరం కోడలి మీద కక్ష కాదు, చిన్నప్పటి నుంచి నేర్చుకున్న విశ్వాసం. నిజానికి 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు అనే తమ విశ్వాస ప్రకటన 21వ అంశంలో లూథరన్లు చెప్పిందేమిటంటే, పునీతుల్ని తలుచుకోవచ్చు, వాళ్ళ విశ్వాసం చూసి నేర్చుకోవచ్చు, కానీ వాళ్ళని వేడుకోకూడదని. అంటే కథ దగ్గర ఆవిడకి పేచీ ఉండక్కర్లేదు, పేచీ ప్రార్థన దగ్గర. మీ నవదిన ప్రార్థనలు మీ గదిలో, తలుపు తీసే ఉంచి, మీరు చేసుకోండి. కథకి మాత్రం నాన్నమ్మని పిలవండి.

నవంబరు 11 మార్టిన్ వారి పండుగ. చలిలో వణుకుతున్న బిచ్చగాడికి తన పైవస్త్రాన్ని కత్తితో రెండు ముక్కలు చేసి ఒకటి ఇచ్చిన సైనికుడు ఆయన. లూథరన్ శాఖకి మూలపురుషుడైన మార్టిన్ లూథర్ గారు పుట్టింది 1483 నవంబరు 10న. మర్నాడు, ఆ పండుగ రోజున, జ్ఞానస్నానం ఇచ్చి ఆ పునీతుడి పేరే పెట్టారు. లూథర్ గారి సంగతులు మీ అత్తగారికి మనకన్నా బాగా తెలిసి ఉంటాయి. ఆ భాగం ఆవిణ్ణి చెప్పమనండి, పైవస్త్రం భాగం మీరు చెప్పండి. పిల్లల చేత వాళ్ళ మంచి దుప్పట్లలో ఒకటి తీయించి, రాత్రి బస్టాండు దగ్గర పడుకునేవాళ్ళకి వాళ్ళ నాన్న బండి మీద తీసుకెళ్ళి ఇప్పించమనండి. చిరిగినది కాదు, మంచిదే ఇవ్వాలి.

పిల్లలతో మాత్రం ఈ రోజే మాట్లాడండి, మీరిద్దరూ కలిసి. ఈ ఇంట్లో ప్రార్థన దాచుకునే పని లేదని, నాన్నమ్మ అడిగితే ఉన్నదే చెప్పమని. ఈ మాట వాళ్ళ నాన్న నోటితో రావాలి. పటం ఆయనే గోడకి మేకు కొట్టి తగిలిస్తే ఇంకా మంచిది.

ఆయన ఎప్పట్లాగే "చూద్దాంలే" అంటారా, మీ పెళ్ళి చేసిన ఫాదర్ గారి దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్ళండి. అత్తగారి పాస్టర్ గారిని మాత్రం మధ్యలోకి లాగకండి. రెండు చర్చిల పంచాయితీ మొదలైందంటే, మీవారికి మళ్ళీ చాటున నిలబడటానికి అంతకన్నా మంచి గోడ దొరకదు.