ఉద్యోగం మానకుండా పీఏ చదవొచ్చా?

ప్రశ్న: మేము టెక్సాస్‌లో ఉంటాం. నాకు 33 ఏళ్లు. ఇండియాలో 2014లో బీఫార్మసీ పూర్తి చేశాను. గ్రీన్‌కార్డు వచ్చాక మెడికల్ అసిస్టెంట్ కోర్సు చేసి, రెండేళ్లుగా ఒక ఫ్యామిలీ క్లినిక్‌లో పనిచేస్తున్నాను. మా క్లినిక్‌లో డాక్టర్‌తో కలిసి రోగుల్ని చూసే ఫిజీషియన్ అసిస్టెంట్ (పీఏ)ని చూశాక నేనూ పీఏ కావాలనిపిస్తోంది. పాపకు ఐదేళ్లు. మావారి ఒక్కరి జీతంతో ఇల్లు గడవడం కష్టం. ఆన్‌లైన్‌లోనో, పార్ట్‌టైమ్‌లోనో చదివే దారి ఉందా? నెట్‌లో ‘వంద శాతం ఆన్‌లైన్’ అని ప్రకటనలు వస్తున్నాయి, నమ్మొచ్చా?

జవాబు: ముందు ఆ ప్రకటనల సంగతి తేల్చేద్దాం. మీకు కనిపించేవాటిలో చాలావరకు డాక్టర్ ఆఫ్ మెడికల్ సైన్స్ కోర్సులు అయి ఉంటాయి. ఇప్పటికే పీఏ అయి, లైసెన్సు చేతిలో ఉన్నవాళ్లు ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు చదువుకునే డిగ్రీ అది. ప్రకటన మీద నొక్కి, అర్హతలు రాసిన చోటు దాకా కిందికి వెళ్లండి. ‘సర్టిఫైడ్ పీఏ అయి ఉండాలి’ అన్న వాక్యం అక్కడెక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది మీ కోసం పెట్టిన కోర్సు కాదు.

పీఏ అవ్వాలంటే, పీఏ కోర్సులకు గుర్తింపు ఇచ్చే ఏఆర్‌సీ-పీఏ అనే సంస్థ ఒప్పుకున్న ప్రోగ్రాంలో చదివి, పాన్స్ అనే సర్టిఫికేషన్ పరీక్ష పాసవ్వాలి. గుర్తింపు లేని చోట ఎంత బాగా చదివినా ఆ పరీక్షకు కూర్చోనివ్వరు. ఏఆర్‌సీ-పీఏ వెబ్‌సైట్‌లో ప్రోగ్రాముల జాబితా ఉంది. పేరు ఉందో లేదో చూసి ఊరుకోకండి, పక్కన ‘ప్రొబేషన్’ అని, అంటే లోపాలు దిద్దుకోమని హెచ్చరికలో పెట్టినట్టు, ఉందేమో కూడా చూడండి.

ఇక అసలు ప్రశ్న. ఉద్యోగం చేస్తూ పీఏ ప్రోగ్రాం చదవడం కుదరదు. మెత్తగా చెప్పి మిమ్మల్ని ఇంకో ఏడాది వెతుకులాటలో పెట్టడం నాకిష్టం లేదు. ఈ చదువు పుట్టుకే అలాంటిది. 1965లో డ్యూక్ యూనివర్సిటీలో డాక్టర్ యూజీన్ స్టెడ్ దీన్ని మొదలుపెట్టినప్పుడు, నేవీలో వైద్య సహాయకులుగా పనిచేసి వచ్చిన నలుగురిని తీసుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో డాక్టర్లను త్వరత్వరగా తయారుచేసిన పద్ధతే దానికి నమూనా. అంటే రోగులతో ముందే అనుభవం ఉన్నవాళ్లను తీసుకుని, తక్కువ కాలంలో ఎక్కువ నూరిపోయడం. ఇప్పటికీ అదే తీరు. సుమారు 27 నెలల్లో దాదాపు సగం క్లాసులు, మిగతాది ఆస్పత్రుల్లో క్లినికల్ రొటేషన్లు, అంటే ఒక్కో విభాగంలో కొన్ని వారాల చొప్పున శిక్షణ.

మరి ఆన్‌లైన్ పీఏ అసలే లేదా అంటే, ఉంది. యేల్ స్కూల్ ఆఫ్ మెడిసిన్ వాళ్ల ఆన్‌లైన్ ప్రోగ్రాం 2018లో మొదలైంది. 28 నెలలు. పాఠాలు ఇంటి నుంచే వినొచ్చు, కానీ మధ్యలో క్యాంపస్‌కి వెళ్లి చేత్తో నేర్చుకునేవి ఉన్నాయి, రొటేషన్లు ఆస్పత్రుల్లోనే. పైగా అది ఫుల్‌టైమ్ చదువు. ఇల్లు మారక్కర్లేదన్నదే లాభం. ఉద్యోగం ఉంచుకోవచ్చని దానర్థం కాదు. ఈ రెంటికీ తేడా తెలియక డబ్బు కట్టినవాళ్లను చూశాను.

పార్ట్‌టైమ్ విషయానికొస్తే, మొదటి ఏడాది క్లాసుల్ని రెండేళ్లకు సాగదీసే ప్రోగ్రాములు ఏవో కొద్దిగా ఉన్నాయి. అక్కడా క్లాసులు ఎక్కువగా పగటిపూటే. క్లినికల్ ఏడాది వచ్చేసరికి అందరితోపాటు ఫుల్‌టైమే. ఆ ఏడాది ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి. సర్జరీ రొటేషన్‌లో పొద్దున ఐదున్నరకే ఆస్పత్రిలో ఉండాలి, డాక్టర్ రౌండ్స్‌కి వచ్చేలోపు రోగుల్ని చూసి నోట్స్ రాసుకోవాలి. సాయంత్రం ఇంటికొచ్చి రొటేషన్ చివర్లో పెట్టే పరీక్షకు చదవాలి. అది ముగియగానే పిల్లల విభాగం, తర్వాత ఎమర్జెన్సీ, ఆ తర్వాత మానసిక వైద్యం. ఫ్యామిలీ మెడిసిన్, ఇంటర్నల్ మెడిసిన్, స్త్రీల ఆరోగ్యం కూడా తప్పనిసరే. మీ షిఫ్టులు నాలుగైదు వారాలకోసారి మారుతుంటే ఏ క్లినిక్ మేనేజర్ మీకు డ్యూటీ వేస్తారు? చాలా కాలేజీలు ‘చదివినన్నాళ్లూ పని చేయవద్దు’ అని ముందే రాసి ఇస్తాయి. రొటేషన్‌లో చేసే పనికి జీతం వస్తుందని కూడా అనుకోకండి. అక్కడ విద్యార్థిని సిబ్బందికి బదులుగా వాడుకోకూడదని నిబంధన.

ఇంత చెప్పాక నీరసపడకండి. ఉద్యోగం చేస్తూ చేయాల్సిన పని బోలెడుంది, అది ప్రోగ్రాంలో చేరడానికి ముందు ఉంది. నిజానికి మీరు సగం దారిలో ఉన్నారు.

మొదటిది మీ గంటలు. పీఏ ప్రోగ్రాములు రోగులతో నేరుగా పనిచేసిన అనుభవం అడుగుతాయి. కొన్ని 500 గంటలతో సరిపెట్టుకుంటాయి, కొన్ని 2000 దాటాలంటాయి. వారానికి 40 గంటల చొప్పున ఏడాది చేస్తేనే 2000 దాకా వస్తాయి, కాబట్టి గంటల విషయంలో మీకు టెన్షన్ అక్కర్లేదు. చిక్కంతా వాటిని రాయడంలో ఉంది. కాస్పా అనే ఉమ్మడి దరఖాస్తులో రోగిని ముట్టుకుని చేసిన పని ఒక ఖాతాలో, ఆరోగ్యరంగంలో చేసిన మిగతా పని ఇంకో ఖాతాలో వేయాలి. బీపీ చూడటం, ఇంజెక్షన్ ఇవ్వడం, రక్తం తీయడం, రోగి చెప్పుకున్న బాధ విని చార్టులో ఎక్కించడం మొదటి ఖాతా. ఫ్రంట్ డెస్క్‌లో ఫోన్లెత్తడం, ఇన్సూరెన్స్ కాగితాలు చూడటం రెండోది. నేను సలహా ఇచ్చిన ఒకమ్మాయి రోజంతా క్లినిక్‌లోనే ఉన్నాను కదా అని అన్నీ మొదటి ఖాతాలో వేసేసింది. ఇంటర్వ్యూలో ‘ఒక రోజు ఏం చేస్తారో చెప్పండి’ అని అడిగితే సగం రోజు ఫోన్ల దగ్గరే గడుస్తుందని తనే చెప్పింది. సీటు రాలేదు. మీరు ఈవేళే ఒక ఎక్సెల్ షీట్ తెరిచి, వారంవారం విడివిడిగా రాసుకోండి.

రెండోది మీ పాత చదువు. 2014 నాటి బీఫార్మసీకి క్రెడెన్షియల్ ఇవాల్యుయేషన్, అంటే ఆ డిగ్రీ అమెరికాలో దేనికి సమానమో లెక్కకట్టడం, చేయించాలి. ఆ పని చేసే వెస్ అనే సంస్థ ఇచ్చే రిపోర్టును కాస్పా వాళ్లు తీసుకుంటారు. అయినా చాలా ప్రోగ్రాములు అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్ లాంటివి అమెరికాలోనే చదివి ఉండాలంటాయి. కొన్ని అయిదారేళ్లు, కొన్ని పదేళ్లు దాటిన మార్కుల్ని లెక్కలోకి తీసుకోవు. మీవి ఎలాగూ పాతబడ్డాయి. అందుకే కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం క్లాసులు చూడండి. సెమిస్టర్‌కి ఒకటి, మరీ ఓపిక ఉంటే రెండు. మీరు వెతుకుతున్న పార్ట్‌టైమ్ చదువు ఇదే. ల్యాబ్ ఉన్న సబ్జెక్టును ఆన్‌లైన్‌లో తీసుకునే ముందు మాత్రం ఆగండి. కొన్ని ప్రోగ్రాములు ఆన్‌లైన్ ల్యాబును ఒప్పుకోవు, ఫీజు కట్టాక తెలిస్తే ఏడుపే.

డబ్బు విషయం మీ ఇంట్లో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సింది. ట్యూషనే చాలాచోట్ల లక్ష డాలర్లకు అటూఇటూ ఉంటుంది. గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి ఫెడరల్ లోన్‌కి మీకు అర్హత ఉంది. అయితే 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోన్లు లేవు. మామూలు గ్రాడ్యుయేట్ విద్యార్థికి ఏడాదికి 20,500 డాలర్లే పరిమితి. మీరు చూస్తున్న ప్రోగ్రాం ఈ మామూలు గ్రాడ్యుయేట్ కోవలోకి వస్తుందో రాదో అక్కడి ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసును అడగండి. మిగతాది ప్రైవేటు లోన్, లేదా మీ పొదుపు. పీఏల మధ్యస్థ జీతం 2024 మే లెక్కల ప్రకారం ఏడాదికి 1,33,260 డాలర్లు, కాబట్టి అప్పు తీరదన్న భయం పెద్దగా లేదు. కష్టమంతా ఆ 27 నెలలు ఇల్లు నడపడంలో. ప్రీరిక్విజిట్లు, అంటే ప్రోగ్రాంలో చేరడానికి ముందే కావాల్సిన ఆ సబ్జెక్టులు, చదివే రెండు మూడేళ్లలో మీ జీతంలో ఎంత పక్కన పెట్టగలరో ఇప్పుడే చూడండి. వీలైతే రెండు నెలలు మీ జీతం ముట్టుకోకుండా ఇల్లు నడిపి చూడండి, ఎక్కడ ఇరుకు అవుతుందో తెలిసిపోతుంది. హెల్త్ ఇన్సూరెన్స్ మీ ఉద్యోగం మీద ఉంటే దాన్ని మీవారి వైపు మార్చుకోవాలి, అదీ లెక్కలో వేసుకోండి.

ఎంత చూసినా జీతం వదులుకోవడం కుదరదని తేలితే, నర్స్ ప్రాక్టీషనర్ (పై చదువు చదివి పీఏలాగే రోగుల్ని చూసే నర్సు) దారి గురించి ఆలోచించండి. అక్కడ మాస్టర్స్‌ని ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌లో, పాఠాలు ఆన్‌లైన్‌లో చదివే వీలు బాగానే ఉంది. కానీ ముందు రిజిస్టర్డ్ నర్సు అవ్వాలి. డిగ్రీ ఉన్నవాళ్లకు వేగంగా ముగిసే నర్సింగ్ కోర్సు ఏడాది, ఏడాదిన్నర పడుతుంది, అది మళ్లీ ఫుల్‌టైమే. మొత్తం మీద ఎక్కువ ఏళ్లు పడతాయి, మధ్యలో నర్సు జీతం వస్తుంది. మీకైతే నేను పీఏకే ఓటేస్తాను. మీ అనుభవం, మీ సైన్సు చదువు ఇక్కడ సూటిగా పనికొస్తాయి. నర్సింగ్ అంటే మళ్లీ మొదటి మెట్టు నుంచి.

కాస్పా ఏటా ఏప్రిల్ చివర్లో తెరుచుకుంటుంది. చాలా ప్రోగ్రాములు వచ్చిన దరఖాస్తుల్ని వచ్చినట్టే చూస్తూ సీట్లు ఇచ్చేస్తాయి కాబట్టి గడువు దాకా కూర్చోవద్దు. మీ క్లినిక్‌లోని పీఏతో మంచిగా ఉండండి, రేపు సిఫార్సు లేఖ రాయాల్సింది వాళ్లే. ఈలోపు మీ ఇంటికి దగ్గరలో ఉన్న ఆరేడు ప్రోగ్రాములు ఎంచుకుని, అందరికీ ఒకే ఈమెయిల్ పంపండి. ఇండియా డిగ్రీ ఒప్పుకుంటారా, సబ్జెక్టులు ఎన్నేళ్లలోపువి కావాలి, ఆన్‌లైన్ ల్యాబ్ చెల్లుతుందా, చదువుతూ వారాంతాల్లో పని చేయనిస్తారా. ఈ నాలుగే. వచ్చిన జవాబులు ఆ ఎక్సెల్‌లోనే ఇంకో పేజీలో వేసి నాకు పంపండి, ఈ ఆగస్టు సెమిస్టర్‌లో ఏ సబ్జెక్టు ముందు తీసుకోవాలో అప్పుడు చెప్తాను.