ఆర్ ప్రోగ్రామింగ్ భాషలో లిస్ట్‌ని టెక్స్ట్ ఫైల్‌గా దాచి, మళ్లీ అలాగే చదవాలంటే?

మీ లిస్ట్‌లో ఊరి పేరు ఒకటి, 40 బోర్ల టేబుల్ ఒకటి, 3 రిమార్కులు ఉన్నాయి. టేబుల్‌ని సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైల్‌గా రాసే రైట్.సీఎస్‌వీ కొడితే వరుసల సంఖ్య కలవట్లేదని ఎర్రర్ వస్తోంది, అంతేగా? ఒక రకంగా మీరు అదృష్టవంతులే. రిమార్కులు 4 ఉండుంటే ఎర్రర్ కూడా వచ్చేది కాదు. 40కి సరిగ్గా సరిపోతుంది కదా అని ఆ నాలుగింటినే పదిసార్లు తిప్పి టేబుల్ పక్కన అతికించేసేది.

సీఎస్‌వీలో పట్టేది ఒక్క టేబుల్. ఇలాంటి లిస్ట్‌కి డీపుట్ వాడండి: డీపుట్(బోర్లు, "బోర్లు.టీఎక్స్‌టీ"). చదవడానికి డీగెట్. డీపుట్ డేటాని ఆర్ కోడ్‌గానే రాస్తుంది కాబట్టి తేదీ తేదీగానే, ఫ్యాక్టర్ (నిర్ణీత వర్గాలుండే కాలమ్) తన లెవెల్స్‌తోనే (ఆ వర్గాల జాబితాతోనే) తిరిగొస్తాయి. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే చూడ్డానికి మాత్రం గందరగోళమే. ఇంకోటి, డీగెట్ ఆ కోడ్‌ని నడుపుతుంది. ఎవరో పంపిన ఫైల్ మీద వాడకండి.

వేరే భాషలు కూడా చదవగలిగే జేసన్ అనే టెక్స్ట్ ఫార్మాట్ వాడమని కూడా ఎవరో ఒకరు చెప్తారు. నేను అక్కడే దెబ్బతిన్నాను. పైథాన్‌లో పనిచేసే ఫ్రెండ్‌కి కావాలంటే, జేసన్‌లైట్ ప్యాకేజీలోని రైట్_జేసన్‌తో బోర్ల లొకేషన్లు రాసి పంపాను. వాడు మ్యాప్ మీద పెట్టి ఫోన్ చేశాడు: "ఒరేయ్, బోరు రోడ్డు మీదికొచ్చిందేంట్రా?" చూస్తే 16.506174 ఉండాల్సిన చోట 16.5062 ఉంది. మనం ఏమీ చెప్పకపోతే అది పాయింట్ తర్వాత 4 అంకెలే ఉంచుతుంది. ఆ కాస్త తేడాకే దాదాపు 3 మీటర్లు జరిగింది. గట్టు పక్కన బోరు రోడ్డెక్కడానికి అది చాలు. అంకెలు కుదించొద్దని డిజిట్స్ = ఎన్‌ఏ అని పెట్టాక సర్దుకుంది. అప్పటికే రెండు రోజులు నా జీపీఎస్‌ని తిట్టుకున్నాను.

ఎక్సెల్‌లో చూసేవాళ్లకి ఇవ్వాలంటే టేబుల్ వరకు విడిగా తీసి సీఎస్‌వీ చేయండి, రో.నేమ్స్ = ఫాల్స్ మర్చిపోకండి. లేకపోతే వరుస నంబర్లు ఒక కాలమ్‌గా చేరి, తిరిగి చదివితే ఎక్స్ అనే పేరుతో వస్తాయి. చదివి మళ్లీ సేవ్ చేసిన ప్రతిసారీ ఇంకోటి పుడుతుంది. నా పాత ఫైల్ ఒకదాంట్లో అలాంటివి అయిదున్నాయి.

మీ బోరు నంబర్లు 007 లాంటివైతే రీడ్.సీఎస్‌వీలో కోల్‌క్లాసెస్ = "క్యారెక్టర్" అని పెట్టండి, లేదంటే 7 మాత్రమే మిగులుతుంది. అప్పుడు అన్ని కాలమ్స్ టెక్స్ట్‌గా వస్తాయి, లోతు లాంటివి యాజ్.న్యూమరిక్‌తో అంకెలుగా మార్చుకోవాలి.