టెక్ సందేహాలు: న్యూస్‌లెటర్ సరే, ఆ ఆరొందల నంబర్ల షీటు ఎవరెవరి దగ్గరుంది?

కాలేజీలు తెరిచి నెల తిరక్కుండానే నాకు ఒకే రకం మెయిల్స్ మొదలవుతాయి. ఒకటి మధురవాడ నుంచి, ఒకటి గాజువాక నుంచి, ఇంకోటి ఎంవీపీ కాలనీ నుంచి, ఏరియా మారుతుంది గానీ ప్రశ్న మారదు. 'సార్, మేం స్టూడెంట్ న్యూస్‌లెటర్ స్టార్ట్ చేస్తున్నాం, ఫ్రీ యాప్ ఏదైనా చెప్పండి.' ఈ వారం మిగతా సందేహాలన్నీ పక్కన పెట్టేసి వీళ్లవే తీసుకున్నా.

ప్రశ్న: మేం నలుగురం కలిసి నెలకోసారి న్యూస్‌లెటర్ తేవాలనుకుంటున్నాం సార్. గూగుల్ ఫారం పెట్టి ఆరొందల మంది దగ్గర పేరు, రోల్ నంబర్, ఫోన్, మెయిల్, పుట్టిన తేదీ తీసుకున్నాం, ప్రతి ఇష్యూలో బర్త్‌డే విషెస్ వేద్దామని. షీటు లింక్ టీమ్ గ్రూపులో ఉంది. ఇప్పుడు దేంతో పంపితే లుక్ బాగుంటుంది? (ఇంజనీరింగ్ సెకండియర్, మధురవాడ)

లుక్ సంగతి తర్వాత చూద్దాం బాబూ, అది ఓ సాయంత్రం పని. ముందు ఆ షీటు తెరిచి షేర్ బటన్ నొక్కు. 'లింక్ ఉన్న ఎవరైనా' అని ఉందా, పక్కనే 'ఎడిటర్' అని కూడా ఉందా? ఉండే ఉంటుంది, ఎందుకంటే గ్రూపులో ఎవడో 'బ్రో యాక్సెస్ రావట్లేదు' అని రెండుసార్లు అడిగేసరికి విసుగొచ్చి ఓపెన్‌గా పెట్టేసి ఉంటారు, అందరూ చేసేది అదే. ఇప్పుడా లింకు ఎవడి ఫోన్‌కి ఫార్వర్డ్ అయినా సరే, లాగిన్ కూడా అక్కర్లేదు, ఆరొందల మంది పిల్లల పేర్లు, నంబర్లు, పుట్టిన తేదీలు వరసగా కనిపిస్తాయి. నమ్మకం లేకపోతే బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి అదే లింక్ పేస్ట్ చేసి చూసుకో.

దాంతో ఏం చేస్తారులే అంటారు కొందరు. ఫస్టియర్ పిల్లల్లో చాలామంది ఫోన్ నంబర్ అని అడిగితే అమ్మదో నాన్నదో ఇస్తారు. ఇక అవతలివాడికి పేరు, బ్రాంచి, రోల్ నంబర్‌తో సహా అన్నీ చేతిలో ఉన్నట్టే. 'అమ్మా, మీ అబ్బాయి ఫలానా కాలేజీ సీఎస్ఈ కదా, రోల్ నంబర్ ఇదే కదా, ఒక కేసులో దొరికాడు, స్టేషన్ నుంచి మాట్లాడుతున్నా' అంటే ఆవిడ నమ్మకుండా ఎలా ఉంటుంది? ఇలాంటి ఫోన్లు రోజూ వస్తూనే ఉన్నాయి, డిజిటల్ అరెస్ట్ అని పేపర్లో చదువుతూనే ఉన్నాం. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలని మీ మొదటి ఇష్యూలో పెద్దక్షరాలతో వెయ్యండి, బర్త్‌డే విషెస్ కంటే అది పనికొస్తుంది.

ఇంకోటి, ఫస్టియర్‌లో పద్దెనిమిది నిండని వాళ్లు బోలెడుమంది ఉంటారు. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రకారం పద్దెనిమిది లోపు వాళ్లందరూ పిల్లల కిందే లెక్క, వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల ఒప్పుదల కావాలి. ఇది విని కంగారుపడి న్యూస్‌లెటర్ మానుకోనక్కర్లేదు, అడిగేది తగ్గించండి చాలు. మెయిల్‌లో పంపే న్యూస్‌లెటర్‌కి మెయిల్ ఐడీ కావాలి, అంతే. పేరు ఇష్టమైతే ఇస్తారు. ఫోన్ ఎందుకు, రోల్ నంబర్ ఎందుకు?

సరే, ఆ కాలమ్స్ డిలీట్ చేసేస్తాం సార్ అంటావు, అక్కడే దెబ్బ తింటారు అందరూ. షీటులో కాలమ్ తీసేసినా వెర్షన్ హిస్టరీలో పాత షీటు అలాగే ఉంటుంది, ఎడిట్ చేసే హక్కున్న వాడెవడైనా వెనక్కెళ్లి చూసుకోవచ్చు. కాబట్టి కొత్త షీటు ఒకటి తీసి మెయిల్ ఐడీలు మాత్రం అందులోకి కాపీ చేసి, పాతదాన్ని మొత్తంగా డిలీట్ చేసి, ట్రాష్ కూడా ఖాళీ చెయ్యాలి, లేకపోతే అది అక్కడ 30 రోజులు కూర్చుంటుంది. అయిపోయిందా అంటే ఇంకా లేదు, ఫారంలో కూడా ఆ జవాబులు విడిగా దాచి ఉంటాయి, షీటు పోయినా అవి పోవు, ఫారంలో రెస్పాన్సెస్ ట్యాబ్‌కి వెళ్లి అక్కడ కూడా తుడవాలి. పనిలో పనిగా సెట్టింగ్స్‌లో రిజల్ట్స్ సమ్మరీ చూపించే ఆప్షన్ ఆన్‌లో ఉందేమో చూడండి, అది ఆన్‌లో ఉంటే ఫారం నింపిన ప్రతివాడూ మిగతావాళ్లు రాసింది చదువుకోవచ్చు. ఆ ఆప్షన్‌ని నింపేవాళ్లకి ఓ మాటైనా చెప్పకుండా అలా ఎందుకు పెట్టారో ఆ డిజైన్ చేసిన మహానుభావులకే తెలియాలి.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది మాత్రం షీటు కూడా కాదు, జిరాక్స్ షాపు. ద్వారకానగర్‌లో గానీ మద్దిలపాలెంలో గానీ, రద్దీగా ఉండే ఏ షాపులోనైనా కౌంటర్ పక్కన నిలబడి ఆ మానిటర్ వైపు ఓసారి చూడండి. వాట్సాప్ వెబ్ పొద్దున్నుంచీ తెరిచే ఉంటుంది, ఈ నంబర్‌కి ఫైల్ పంపండి అని గోడ మీద కాగితం, మనం పంపింది డౌన్‌లోడ్స్‌లోకి దిగుతుంది, ప్రింట్ తీసి డబ్బులు తీసుకున్నాక దాన్ని తుడిచే నాథుడు ఉండడు. ఆధార్ ఫ్రంట్, ఆధార్ బ్యాక్, టెన్త్ మెమో, హెచ్‌ఓడీ లెటర్ ఫైనల్, హెచ్‌ఓడీ లెటర్ ఫైనల్ రెండు, ఎవరిదో పెళ్లి బయోడేటా, అన్నీ ఒకే ఫోల్డర్లో. షాపాయన చెడ్డవాడని కాదు, ఆయనకి లైన్లో పదిమంది నిలబడున్నారు, తుడిచే టైమ్ ఎక్కడిది. కానీ ఆ సిస్టమ్ ముందు సాయంత్రం ఎవరు కూర్చుంటారో మీకు తెలీదు, అందులో ఎన్ని పెన్‌డ్రైవ్‌లు గుచ్చారో, ఏ వైరస్ ఉందో ఆయనకే తెలీదు. అక్కడికి వెళ్లి మీ న్యూస్‌లెటర్ మెయిల్ లాగిన్ చేసి అటాచ్‌మెంట్ తీసి లాగౌట్ మర్చిపోయి వచ్చేస్తారు, లేదా సబ్‌స్క్రైబర్ల లిస్టే ప్రింట్ తీయించుకుంటారు, క్లాసుల్లో టిక్ పెట్టుకోవడానికట.

2025 అక్టోబర్‌లో మన విశాఖలో 15 బిలియన్ డాలర్లతో డేటా సెంటర్, ఏఐ హబ్ పెడతామని గూగుల్ ప్రకటించినప్పుడు ఊరంతా పండగ చేసుకున్నాం. చేసుకోవాల్సిందే. కానీ ఊళ్లో జనాల ఆధార్లు ఇప్పటికే ఉన్న డేటా సెంటర్ ఈ జిరాక్స్ షాపు డౌన్‌లోడ్స్ ఫోల్డర్, దానికి తాళం లేదు.

కాబట్టి ప్రింట్‌కి వెళ్లేటప్పుడు న్యూస్‌లెటర్ పీడీఎఫ్ ఒక్కటే ఖాళీ పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లండి, అందులో ఇంకేమీ ఉండకూడదు. అది తిరిగొచ్చాక పీడీఎఫ్ బదులు షార్ట్‌కట్ కనిపిస్తే దాని మీద డబుల్ క్లిక్ చెయ్యకుండా నేరుగా ఫార్మాట్ కొట్టేయండి. బయట ఎక్కడైనా వాట్సాప్ వెబ్ తెరిచారా, ఫోన్లో లింక్డ్ డివైసెస్‌కి వెళ్లి ఆ సిస్టమ్‌ని తీసెయ్యండి.

ఇక టూల్. మామూలు జీమెయిల్ నుంచి రోజుకి 500 మందికి మించి పంపనివ్వరు, మీకు ఆరొందలు, అంటే మొదటి ఇష్యూకే ఆగిపోతారు. కాలేజీ ఇచ్చిన వర్క్‌స్పేస్ అకౌంటైతే 2,000 దాకా వెళ్తుంది. లేదంటే న్యూస్‌లెటర్ సర్వీసుల్లో ఉచిత ప్లాన్ ఉన్నది ఏదో ఒకటి తీసుకోండి, అన్‌సబ్‌స్క్రైబ్ లింక్ అదే పెడుతుంది. మెయిల్ నుంచే పంపేటట్టయితే అడ్రసులన్నీ బీసీసీలోనే (ఒకరి అడ్రసు ఇంకొకరికి కనిపించని గడి అది). 'టు'లో పెట్టారా, అందరి అడ్రసులూ అందరికీ వెళ్తాయి, ఆపైన ఒకడు రిప్లై ఆల్ కొట్టి 'నన్ను తీసెయ్యండి' అంటాడు, వాణ్ని చూసి ఇంకొకడు, ఆ రోజంతా అదే గోల. పోస్టర్ లాంటి ఒక్క బొమ్మ పెట్టి అదే మెయిల్ అనకండి, నాలుగు ముక్కలు అక్షరాల్లో ఉండాలి.

వాట్సాప్‌లో పంపుదాం అనుకుంటే గ్రూపు వద్దు, ఛానెల్ పెట్టండి. గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి, ఛానెల్‌లో ఫాలో అయ్యేవాళ్ల నంబర్లు ఒకరివి ఒకరికి కనపడవు. గ్రూపులో చేరాక రాత్రి పూట తెలియని నంబర్ల నుంచి హాయ్‌లు వస్తున్నాయని ఆడపిల్లలు నాకు రాస్తున్నారు, దానికి కారణం ఈ చిన్న సెట్టింగ్ ఆలోచించని అడ్మినే.

ప్రశ్న: మా న్యూస్‌లెటర్ మెయిల్ పాస్‌వర్డ్ అందరికీ తెలుసు సార్, కానీ ఓటీపీ నిరుడు పాసైపోయిన సీనియర్ అన్నయ్య ఫోన్‌కి వెళ్తోంది. ఆయన హైదరాబాద్‌లో జాబ్, ఫోన్ ఎత్తట్లేదు. ఏం చెయ్యాలి? (డిగ్రీ ఫైనలియర్, ఎంవీపీ కాలనీ)

పాస్‌వర్డ్ అందరికీ తెలుసు అని ఎంత ధీమాగా రాశావమ్మా.

ముందు అన్నయ్యని ఎలాగోలా పట్టుకో, ఆఫీసు టైమ్‌లో కాకుండా ఆదివారం చెయ్యి, ఐదు నిమిషాలు లైన్లో ఉంచి ఓటీపీ వెళ్లే నంబర్, రికవరీ నంబర్, రికవరీ మెయిల్ మార్చేసుకో. తర్వాత టూ స్టెప్ వెరిఫికేషన్‌లో బ్యాకప్ కోడ్స్ అని ఉంటాయి, పది కోడ్‌లు, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది, అవి కాగితం మీద రాసి కవర్లో పెట్టి ఫ్యాకల్టీ కోఆర్డినేటర్ మేడమ్ బీరువాలో దాచండి. గ్రూపులో ఫొటో తీసి పెట్టకండి, దణ్ణం పెడతా. ఇంకా మంచిది, కాలేజీ పేరు మీద ఒక మెయిల్ ఇవ్వమని అడగండి, మనుషులు మారినా అది ఉంటుంది. సీనియర్ల సొంత డ్రైవ్‌లో పాత ఇష్యూలు ఉంటే ఇప్పుడే కాపీ తీసుకోండి, ఎందుకంటే కాలేజీ ఐడీలు పాసయ్యాక మూసేస్తుంటారు, సొంత గూగుల్ అకౌంటైనా రెండేళ్లు ముట్టుకోకపోతే తీసెయ్యొచ్చని వాళ్ల రూలే ఉంది. ఈ అప్పగింతలు పరీక్షల ముందే అయిపోవాలి, ఫేర్‌వెల్ రోజు ఫొటోల హడావిడిలో ఎవడికీ గుర్తుండదు.

ప్రశ్న: ఫోన్లో తెలుగు బాగానే కనిపిస్తుంది, ప్రెస్‌కి ఇస్తే వత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయి. వాళ్లేమో అను ఫాంట్‌లో కొట్టించుకు రమ్మంటున్నారు. (పీజీ స్టూడెంట్, పెందుర్తి)

మీరు టైప్ చేసింది యూనికోడ్, అంటే ఫోన్లూ వెబ్‌సైట్లూ వాడే అక్షరాల పద్ధతి. వాళ్ల దగ్గరున్నది అను ఫాంట్లతో నడిచే పాత పేజ్‌మేకర్ పద్ధతి, రెండూ కలవవు. మళ్లీ కొట్టించకండి, తప్పులు కొత్తవి వస్తాయి. వాళ్ల దగ్గర ఇన్‌డిజైన్ అనే పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ ఉంటే పేరాగ్రాఫ్ సెట్టింగ్స్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టమనండి, వత్తులు వాటి చోటికి అవే వచ్చేస్తాయి. లేకపోతే మీరే పేజీలు చేసి పీడీఎఫ్ ఇవ్వండి. అలాంటిదే ఉచితంగా కావాలంటే స్క్రైబస్ కొత్త వెర్షన్ తెలుగుని సరిగానే చూపిస్తుంది. ఫాంట్లకి కొదవ లేదు, గూగుల్ ఫాంట్స్‌లో హెడ్డింగ్‌కి రామభద్ర, మేటర్‌కి మండలి తీసుకోండి, గురజాడ, గిడుగు పేర్లతో కూడా ఉన్నాయి, మన ఉత్తరాంధ్ర వాళ్ల పేర్లు కాబట్టి సరదాకైనా ఓసారి వేసి చూడండి. పేజీల సంఖ్య నాలుగు గుణిజంలో పెట్టుకోండి, మడత పెట్టి పిన్ను కొట్టేది అలాగే. ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా తెప్పించుకుంటే క్వాలిటీ చచ్చిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి. కాకపోతే కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే, డాక్యుమెంట్‌గా పంపిన ఫొటోలో ఎక్కడ తీశారో అది కూడా వచ్చేస్తుంది, హాస్టల్ రూమ్‌లో తీసిన ఫొటో ఒరిజినల్‌ని ఇంకెక్కడా పెట్టకండి.

ప్రశ్న: గోడల మీద పోస్టర్లు అంటించాం, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ప్లాన్ ఎక్స్‌పైర్ అయిందని వస్తోంది. ఇంకోటి, డిపార్ట్‌మెంట్ ప్రింటర్లో నల్ల ఇంకు నిండా ఉన్నా ప్రింట్ రావట్లేదు. (పాలిటెక్నిక్, గాజువాక)

కోడ్ చేసిచ్చిన సైటు మీ లింక్ బదులు వాళ్ల లింక్ పెట్టింది, ఉచిత గడువు అయ్యాక ఆపేసింది, డబ్బు కట్టమంటుంది. కట్టకండి. కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి మీ పేజీకి వెళ్తే షేర్ మెనూలోనే క్యూఆర్ కోడ్ తయారుచేసే ఆప్షన్ ఉంది, దానికి గడువు ఉండదు. కొత్తది పాతదాని మీద అంటించండి, అంటించాక అప్పుడప్పుడు వెళ్లి మీరే స్కాన్ చేసి చూస్తుండండి, మీరు అంటించినట్టే ఇంకొకడు మీ కోడ్ మీద వాడిది అంటించి పోవచ్చు.

ప్రింటర్ అంటావా, ఈ చవక ఇంక్‌జెట్ల గురించి నన్ను కదపకపోతేనే మంచిది. నల్లగా నాలుగు లైన్లు కొట్టమంటే నీలం అయిపోయింది, పసుపు అయిపోయింది, అవి వేస్తే తప్ప కదలను అంటుంది. నలుపుకి నీలంతో పనేంటి? మిషను చవకగా అమ్మేసి ఇంకు దగ్గర వసూలు చేసే వ్యాపారం ఇది, అది చాలనట్టు అప్‌డేట్ పేరుతో ఓ రాత్రి ఏదో దింపుతారు, తెల్లారేసరికి నిన్నటిదాకా నడిచిన బయటి కార్ట్రిడ్జ్ చెల్లదంటుంది. మనం డబ్బు పెట్టి కొన్న వస్తువు మన ఇంట్లో కూర్చుని వాళ్ల మాట వినడం ఏంటో. పోనీ ట్యాంక్ ప్రింటర్ కొందామంటే, ఎండాకాలం సెలవులు ఇచ్చి తలుపులు వేసి వెళ్తారు, జూన్‌లో వచ్చి చూస్తే ఇంకు ఎండిపోయి హెడ్ మూసుకుపోయి ఉంటుంది, క్లీనింగ్ పేరుతో సగం ఇంకు అదే తాగేస్తుంది. కాలేజీల్లో నెలకోసారి వాడే పనికి ఇంక్‌జెట్ కొనమని సలహా ఇచ్చిందెవరో గానీ వాళ్లని ఒక సెమిస్టర్ పాటు దాని ముందు కూర్చోబెట్టాలి.

ప్రింటర్ సెట్టింగ్స్‌లో గ్రేస్కేల్, బ్లాక్ ఇంక్ ఓన్లీ అని ఉందేమో చూడు, కొన్ని మోడల్స్‌లో ఉంటుంది. లేకపోతే ఆఫీస్ రూమ్‌లో హాల్‌టికెట్లు కొట్టే బ్లాక్ అండ్ వైట్ లేజర్ ప్రింటర్ ఉంటుంది, క్లర్క్ గారిని మధ్యాహ్నం భోజనం అయ్యాక అడుగు, ఏ4 కట్ట మీదే తీసుకెళ్లు.