థ్రాటిల్ కడ్డీ గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య దీవెనలు.

నీ రేడియో కంట్రోల్ బొమ్మ విమానం గురించి నువ్వు పంపిన వీడియో రెండుసార్లు చూశాను. చేతిలోని ట్రాన్స్‌మిటర్ మీది స్టిక్, దాని పక్కనుండే చిన్న మీట ట్రిమ్, రెండూ పూర్తిగా కిందికి లాగినా ఇంజన్ ఆగలేదు. నువ్వేమో ముందు నుంచి చెయ్యి పెట్టి ఇంధనం గొట్టం నొక్కి ఆపావు. ఆ చెయ్యి ప్రొపెల్లర్‌కి జానెడు దూరంలో కూడా లేదురా. మీ అమ్మ చూసి ఉంటే ఆ రోజే విమానం అటకెక్కేది. ఇంజన్ నడుస్తుండగా ఏది ముట్టుకోవాలన్నా రెక్క వెనక్కి వచ్చి, వెనక నుంచే ముట్టుకో.

ఇంజన్ బాగానే ఉంది. తేడా అంతా సర్వోని (ట్రాన్స్‌మిటర్ చెప్పినట్టు తిరిగే చిన్న మోటారు), ఇంజన్‌కి గాలి, ఇంధనం కలిపి అందించే కార్బొరేటర్‌కి కలిపే థ్రాటిల్ కడ్డీలో ఉంది. నీకు అమ్మినతను ఆ తేడాని ట్రాన్స్‌మిటర్‌లో సర్వో ఎంత మేర తిరగాలో చెప్పే అంకెలు మార్చి కప్పిపెట్టినట్టున్నాడు. ఆ అంకెలన్నీ మళ్ళీ 100కి తెచ్చెయ్. కడ్డీ పని చేత్తో తేలాకే ట్రాన్స్‌మిటర్ జోలికి వెళ్ళాలి.

బండి ఆక్సిలేటర్ వైరు లాగడానికే పనికొస్తుంది, వెనక్కి తేవడానికి స్ప్రింగు ఉంటుంది. ఇక్కడ స్ప్రింగు లేదు. ఒకే కడ్డీ లాగాలి, నెట్టాలి. నెట్టేటప్పుడు మధ్యలో విల్లులా వంగిందంటే సర్వో తిరిగిన మేర కార్బొరేటర్ తిరగదు. అందుకే కడ్డీ వెళ్ళే ప్లాస్టిక్ గొట్టాన్ని గాల్లో వదలకుండా లోపలి చెక్కలకి రెండు మూడు చోట్ల అంటించు. ఆ ప్లాస్టిక్‌కి జిగురు పట్టదు, ముందు గరుకు కాగితంతో రుద్దు. ఇంజన్ బిగించిన చెక్కలో గొట్టం దూరే కన్నం చుట్టూ సందు లేకుండా మూసెయ్. ఈ ఇంధనంలో మిథనాల్‌తో పాటు ఆముదం కూడా ఉంటుంది. అది లోపలికి కారితే బాల్సా చెక్క మెత్తబడి, తర్వాత ఏ జిగురూ నిలవదు.

ఇప్పుడు అసలు పని. ముందు ట్రాన్స్‌మిటర్, తర్వాత విమానంలో సిగ్నల్ అందుకునే రిసీవర్ ఆన్ చెయ్. స్టిక్, ట్రిమ్ రెండూ మధ్యలో పెట్టి, సర్వో చెయ్యి (కడ్డీ తగిలించే కన్నాల పట్టీ) కడ్డీకి లంబంగా ఉండేలా తొడుగు. కార్బొరేటర్ నోట్లోకి చూస్తూ లోపలి బ్యారెల్‌ని, అంటే గాలి దారిని మూసి తెరిచే గుండ్రటి ముక్కని, సగం తెరిచి ఉంచు. ఆ రెండూ అలా ఉండగానే కడ్డీ పొడవు సరిచూసి కలుపు. స్టిక్ పైకి తోస్తే బ్యారెల్ పూర్తిగా తెరుచుకోవాలి. స్టిక్ కిందికి, ట్రిమ్ పైకి పెడితే మిల్లీమీటరు సందు మిగలాలి, అది ఐడిల్, అంటే ఇంజన్ ఆగకుండా నెమ్మదిగా తిరిగే స్థితి. ట్రిమ్ కూడా దించితే పూర్తిగా మూసుకుని ఇంజన్ ఆగాలి. నీకు ఆగనిది ఇక్కడే.

చివరికొచ్చాక సర్వో గుయ్‌మని మూలుగుతోందంటే కార్బొరేటర్ ఆగిపోయినా అది ఇంకా నెడుతోందన్నమాట. వదిలేస్తే బ్యాటరీ తినేస్తుంది, ఒక్కోసారి సర్వో కాలిపోతుంది కూడా. కడ్డీని సర్వో చేతికున్న కన్నాల్లో ఒకటి లోపలికి మార్చు, లేదా కార్బొరేటర్ చేతికి ఒకటి బయటికి మార్చు. రెంటిలో ఏదైనా కదలిక తగ్గుతుంది. అసలు కదలికే చాలకపోతే వీటిని తిరగేసి చెయ్యి. ఆపై మిగిలే కాస్త తేడాకి మాత్రమే ట్రాన్స్‌మిటర్.

కడ్డీ మాత్రం ప్లాస్టిక్‌ది వద్దు. నేను ఒకసారి సంక్రాంతి రోజుల్లో పొద్దున్నే చలిలో నైలాన్ కడ్డీతో ఐడిల్ సరిచేసి మురిసిపోయాను. మే నెల మిట్టమధ్యాహ్నం, దాళ్వా కోసిన చేలో దింపుదామని స్టిక్ తగ్గించాను. ఎండకి కడ్డీ సాగి ఉంది. నా దాంట్లో లాగితే తెరుచుకునేది కాబట్టి, సాగినకొద్దీ బ్యారెల్ మూసుకుపోయింది. గట్టుకి ఇవతలే ఇంజన్ ఆగి, విమానం పక్కనున్న రొయ్యల చెరువులో పడింది. చెరువు ఆసామి అన్న మాటలు ఇక్కడ రాయలేను. మన దగ్గర వానాకాలం చెమ్మకి కూడా నైలాన్ ఉబ్బుతుంది. ప్లాస్టిక్ గొట్టంలో సన్నటి ఉక్కు తీగ వేసుకో. సముద్రపు గాలికి సర్వో వైపు తుప్పు పడుతుంది, అప్పుడప్పుడు మిషన్ నూనె రాస్తే చాలు.

సైకిల్ స్పోక్ వాడొచ్చా అని అడిగావు. వాడొచ్చు, నేనూ వాడాను. కానీ దాని మర 2 మిల్లీమీటర్ల క్లెవిస్‌కి (కడ్డీ చివర మరకి తొడిగే క్లిప్పు) సరిగా కూర్చోదు, బలవంతంగా తిప్పితే ఊడి వస్తుంది. మర కోసేసి సర్వో వైపు రెండు వంపులు తిప్పి కన్నంలో దూర్చు. కార్బొరేటర్ వైపు నైలాన్ క్లెవిస్ పెట్టు. ఇంజన్ అదురుకి ఇనుముకి ఇనుము రాసుకుంటే కన్నం అరిగి వదులు వస్తుంది, పాత రేడియోలకైతే సిగ్నల్లో గోల కూడా పుట్టేది. క్లెవిస్ మీదికి చిన్న సిలికాన్ గొట్టం ముక్క ఉంగరంలా తొడుగు, లేకపోతే అది ఎగురుతూ ఎగురుతూ విచ్చుకుంటుంది.

అన్నీ అయ్యాక ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా స్టిక్ పైకి పెట్టి ట్రాన్స్‌మిటర్ ఆపెయ్. బ్యారెల్ మూసుకోవాలి. మూసుకోకపోతే రిసీవర్‌లో ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే బ్యారెల్ మూసే ఏర్పాటు) సరిచేసేదాకా ఎగరెయ్యకు, కొబ్బరితోట అవతల ఇళ్ళున్నాయి.

వచ్చే ఆదివారం కార్బొరేటర్ వైపు ఫొటో ఒకటి, సర్వో వైపు ఒకటి పంపు. కడ్డీ ఊడదీసే ముందే తియ్యి.

మీ మావయ్య